చేతి సామానా, ఇంటి సామానా

“గంపలోకి అన్నీ వచ్చినట్టేనా?” అని అడిగాడు గవరయ్య.



షాదీపూర్‌ మత్స్యకారుల పేటలోని ఆ రెండు గదుల ఇంట్లో, ముందు గది నట్టనడుమ వెదురు గంప ఉంది. పోలిరాజు సముద్రం మీదికి పట్టుకెళ్లే సామానంతా అందులో ఉంది. టోపీ, టార్చి, వల కుట్టే సూది, గేలం తాడు చుట్టిన ప్లాస్టిక్ సీసా, టీ ఫ్లాస్కు, అరచేతిలో పట్టే జీపీఎస్ డబ్బా. అన్నిటి మీదా నల్లటి రబ్బరు సంచి.

ఆ సంచి దీవి దక్షిణపు కొసన, చిడియా టాపు వైపు ఖాళీగా తేలుతూ కనిపించిన డింగీలో దొరికింది. పడవ దొరికింది, సంచి దొరికింది. పోలిరాజు దొరకలేదు. వెతకడానికి వెళ్లిన పడవలు నిన్నటితో వెనక్కి వచ్చేశాయి.

“పాటు నీళ్లు మొదలై సముద్రం వెనక్కి తగ్గేలోపు గంప పడవెక్కాల,” అన్నాడు గవరయ్య. కులంలో అతనే పెద్ద. గొంతు పెంచి మాట్లాడే అలవాటు లేదు. “మన పద్ధతి మీకు నాను సెప్పక్కర్లేదు. సేతి సామాను సముద్రానికి, ఇంటి సామాను ఇంటికి. మనిషి దొరకనప్పుడు ఆడి సామానే ఆడు. ఒక్కటి ఆగిపోయినా గుమ్మం బయటే నిలబడిపోతాడు. లోపలికి రానూ లేడు, ముందుకి పోనూ లేడు.”

గంప వెళ్లాక ఇంట్లో జరగాల్సిన దాని గురించి అతను మాట్లాడలేదు. అక్కర్లేదు కూడా. పక్కింటి అప్పలకొండమ్మ పసుపు నీళ్ల చెంబు పట్టుకుని గడప పక్కనే కూర్చుంది. ఆమె చూపు పోలిరాజు పెళ్లాం సీతాలు గాజుల మీదే ఉంది.

“ఒకటి రాలేదు,” అంది కామమ్మ.

కొడుకు పోయాక ఆమె నోటి నుంచి వచ్చిన మాటలు తక్కువ. వచ్చిన ప్రతి మాటా కోడలి మీదికే వచ్చింది. ఇప్పుడు చెయ్యెత్తి మూల చూపించింది.

మూలన టీవీ ఉంది. దాని మీద నేల దాకా దుప్పటి కప్పి ఉంది. పడవ ఖాళీగా దొరికిందన్న కబురు వచ్చిన నిమిషంలోనే కామమ్మ తన చేతులతో కప్పింది. సముద్రం మనిషిని ఉంచేసుకున్న ఇంట్లో అద్దమైనా, తెరైనా బయటికి కనిపించకూడదు. పెద్దమనిషి వచ్చి చెప్పేదాకా ఆ దుప్పటి ఎవరూ ముట్టకూడదు. ఎవరూ ముట్టలేదు.

దుప్పటి కింద టీవీ, టీవీ పక్కన నల్లటి స్టాండు. పోలిరాజు వీడియో గేమ్ ఉండే చోటు ఆ స్టాండే.

“అది ఇంటి సామాను, అత్తా,” అంది సీతాలు.

“ఎవరి ఇంటి సామానే? మీ అయ్య ఇంటిదా?”

“ఈ ఇంటిదే.”

“నా కొడుకు అది సంకలో ఎట్టుకోకుండా ఒక్కరోజైనా పడవెక్కినాడా? వలేసి కూకున్నప్పుడు ఆడికి అదే తోడు. ఆ రబ్బరు సంచి దాని కోసమే కదేటి కొన్నాడు? సంచి పడవలో దొరికింది కూడాను.”

“సంచి ఎప్పుడూ పడవలోనే పడుంటుంది. అందులో బీడీలు పెట్టుకుంటాడు, ఫోన్ పెట్టుకుంటాడు. గేమ్ మాత్రం టీవీ కోసమే. సాయంత్రం ఇంటికొచ్చి ఆడుకునేవాడు.”

అది అబద్ధమని గదిలో ఉన్న ప్రతి మనిషికీ తెలుసు.

అప్పలకొండమ్మ చెంబు కింద పెట్టింది. “పోనీలే వదినా. పిల్లా జెల్లా లేని మనిషి. మొగుడు పోయినా ఆటబొమ్మ మిగిల్తే చాలనుకుంటోంది.”

సీతాలు తల తిప్పలేదు. ఆ మాట ఆమెకు తగలక కాదు. తగిలినా భరించగలిగిన మాట అది. ఆమె భరించలేని మాట ఇంకోటుంది. అది ఇంకా ఎవరి నోటి నుంచీ రాలేదు. రానివ్వకూడదనే ఆమె ఇంతసేపూ అబద్ధమాడుతోంది.

“నాను ఆ వస్తువు సూడలేదు,” అన్నాడు గవరయ్య. “ఏటది? ఎలాగుంటాది?”

చెప్పింది నూకన్న. పోలిరాజు తండ్రి. పొద్దుట్నుంచీ గోడకు ఆనుకుని, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నవాడు అప్పుడే నోరు విప్పాడు.

“పలకంత ఉంటాది, భయ్యా. రెండు పక్కలా రెండు పిడులు. లాగితే ఊడొస్తాయి, తోస్తే అతుక్కుంటాయి. స్టాండులో దించితే బొమ్మ టీవీలో కనిపిస్తాది. స్టాండులోంచి లాగితే బొమ్మ దాని మీదికే వచ్చేస్తాది. అప్పుడు ఎక్కడికైనా పట్టుకుపోవచ్చు. అబర్డీన్ బజార్లో ఒక నేవీ కుర్రోడు బదిలీ మీద పోతా అమ్మేస్తే మావోడు కొన్నాడు.”

“అయితే ఇంట్లోదీ అదే, బయటదీ అదే?”

“అదే.”

గవరయ్య గడ్డం గోక్కున్నాడు.

“అసిరయ్య పోయినప్పుడు ఇలాంటి తగువే వచ్చింది. ఆడికి రేడియో ఉండేది. ఇంట్లో వినేవోడు, పడవలో వినేవోడు. అప్పుడు మా అయ్య ఒకటే మాట అడిగినాడు. దాని తిండి ఎక్కడిదీ అని. బ్యాటరీ సెల్లు తినేది అది. ఇంటి కరెంటుతో పన్లేదు. అందుకని సేతి సామానన్నాడు. రేడియో సముద్రానికి పోయింది. దీని తిండెక్కడ?”

“స్టాండులో,” అంది సీతాలు చప్పున. “గోడ కరెంటే. ఇంట్లోనే తింటుంది.”

“తిని?” అంది కామమ్మ. “ఇంట్లో తిని ఎక్కడికి పోద్ది? సెప్పవే. రోజల్లా సముద్రం మీదుండి, పొద్దుపోయాక ఇంటికొచ్చి స్టాండులో కూకుంటాది. నా కొడుకు ఇంట్లో తినలేదేటి? ఇంట్లో తిన్నాడని ఆడూ ఇంటి సామానేనేటి?”

బయట స్కూటర్ ఒకటి మలుపు తిరిగి వెళ్లిపోయింది.

ఇంట్లో తిని, నీళ్ల మీద బతికినవాడు. అత్త ఏ ఉద్దేశంతో అన్నా, అది అతను పోయే ముందు రాత్రి సీతాలు అన్న మాటే.

రెండు పక్కలా నిలబడలేక సతమతమయ్యాడు పోలిరాజు. డింగీ అమ్మేద్దామంటాడు. అబర్డీన్ బజార్లో చిన్న ఫోన్ రిపేరు కొట్టు పెట్టుకుందామంటాడు. మర్నాడు పొద్దున్న లేచి పడవెక్కుతాడు. పడవలో సగం తమ్ముడు మల్లేశుది. అమ్మే మాట ఎత్తితే మల్లేశు ఇల్లు ఎగిరిపోయేలా అరుస్తాడు. అందుకని వారాల తరబడి ఎత్తడు.

ఆఖరి రాత్రి సీతాలుకు విసుగొచ్చింది. “ఇంట్లో ఉంటే సముద్రం అంటావు. సముద్రం మీదుంటే ఇల్లంటావు. నీకూ ఆ గేమ్‌కీ తేడా లేదు. ఏదో ఒకటి తేల్చుకో, పోలిరాజా. నాకు విసుగ్గా ఉంది,” అంది.

అతను నవ్వాడు. “రేపు తేల్చేస్తాలే,” అన్నాడు.

తెల్లవారేసరికి వెళ్లిపోయాడు. ఆమె లేచి చూస్తే గేమ్‌ తాలూకు రెండు పిడులూ స్టాండు పక్కనే పడి ఉన్నాయి. ఆ పిడులు లేకుండా అతను గేమ్ బయటికి తీయగా ఆమె ఎన్నడూ చూడలేదు. తీసుకెళ్లలేదన్న మాట. సంకలో పెట్టుకోకుండా ఒక్కరోజు కూడా పడవెక్కని మనిషి ఆ ఒక్కరోజే దాన్ని ఇంట్లో వదిలి వెళ్లాడు.

తోడు అక్కర్లేని చోటికి వెళ్లేవాడే తోడును వదిలి వెళ్తాడు.

ఆ ఆలోచన మొదట కబురు వచ్చినప్పుడు వచ్చింది. తర్వాత పోలేదు. అది చేతి సామాను అని తేలితే, వెంటనే ఎవరో ఒకరు అడుగుతారు. చేతి సామాను అయితే ఆ రోజు చేతిలో ఎందుకు లేదూ అని. ఆ ప్రశ్న కామమ్మ చెవిన పడకూడదు. కొడుకును సముద్రం లాక్కుందని నమ్మి ఏడుస్తున్న తల్లి అలాగే ఏడవాలి. తానే దిగిపోయాడని తెలిస్తే ఆమెకు ఏడుపు కూడా మిగలదు.

అందుకే అది ఇంటి సామాను. ఎవరేమన్నా సరే.

“సీతాలూ,” అన్నాడు గవరయ్య నెమ్మదిగా. “ఒక మాట నిజం సెప్పు. ఆడు దాన్ని పడవలోకి తీసుకెల్తాడా, లేదా?”

“ఎప్పుడైనా.”

“ఎప్పుడైనా అంటే?”

“ఎప్పుడైనా అంటే ఎప్పుడైనా, తాతా. ఎక్కువగా ఇంట్లోనే. మేమిద్దరం చెరో పిడీ పట్టుకుని ఆడేవాళ్లం.”

ఆ చివరి మాట నిజం. నిజం కనక గొంతు తడబడింది. తడబాటు చూసి అప్పలకొండమ్మ కామమ్మ వైపు ఒక చూపు విసిరింది. అబద్ధం దొరికిపోయిందన్నట్టు.

నూకన్న గంపలోంచి రబ్బరు సంచి తీశాడు. దాని మూతికి నైలాన్ తాడు వేలాడుతోంది. తాడు కొసను వేళ్ల మధ్య పట్టుకుని చూశాడు.

“ఇది కోసేసుంది.”

“అలల్లో తెగుంటాదిలే,” అన్నాడు గవరయ్య.

“తెగిన తాడు కొస పీచు పీచుగా ఉంటాది. ఇది కత్తి దెబ్బ.” నూకన్న గొంతులో ఎత్తుపల్లాలు లేవు. “మావోడు ముడి విప్పుతాడు. ఎంత గట్టి ముడైనా కూకుని విప్పుతాడు. పడవ మీద తాడుకి కత్తెడితే గంగమ్మకి కోపం అని సిన్నప్పుడు నానే సెప్పినాను.”

“ఇప్పుడు తాడు సంగతెందుకు, మావా?” అంది కామమ్మ. “నా కొడుకు సామాను సంగతి సూడండి.”

నూకన్న సంచి మళ్లీ గంపలో పెట్టేశాడు. అతను అంతకుమించి వాదించే మనిషి కాదు. గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు.

“పన్లేదు,” అన్నాడు గవరయ్య లేస్తూ. “వస్తువు సూసి సెప్తాను. దుప్పటి తియ్యండి.”

సీతాలు వెళ్లి దుప్పటికి అడ్డంగా నిలబడింది.

“ఒద్దు తాతా. ఇంటి సామానని చెప్తున్నాను కదా. నా మాట చాలదా?”

“సూసినారా?” అంది కామమ్మ. “దాని మీదే ఉంది ప్రాణం. అక్కడ నా కొడుకు ఒక్కడూ ఉప్పునీళ్లలో పడుకుని ఉన్నాడు. పక్కన మాటాడ్డానికి మనిషి లేడు. ఆడికిట్టమైన ఒక్క వస్తువు ఆడికి పంపిద్దామంటే, ఇది అడ్డంగా నిలబడింది. నువ్వు పెళ్లానివేనా, సీతాలూ?”

సీతాలు పెదవి కొరుక్కుంది. రక్తం ఉప్పగా తగిలింది.

“నోరిప్పవే.”

సీతాలు దుప్పటి అంచు గట్టిగా పట్టుకుంది.

“జరుగమ్మీ,” అన్నాడు నూకన్న కళ్లు తెరవకుండానే. మామ ఆమెను అలా పిలవడం అరుదు. సీతాలు జరిగింది.

కామమ్మ దుప్పటి ఒక్క లాగు లాగింది.

టీవీ తెర మీద దుమ్ము. పక్కన నల్ల స్టాండు. స్టాండు ముందు రెండు పిడులు, ఒకటి నీలం, ఒకటి ఎరుపు, అవి పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

స్టాండు మధ్య చీలికలో ఏమీ లేదు.

గవరయ్య వంగి చూశాడు. “ఇదేనా?”

“అది స్టాండు,” అన్నాడు నూకన్న. లేచి నిలబడ్డాడు. “వస్తువు లేదు.”

మొదట కామమ్మకు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆమె కోడలి వైపు తిరిగింది. చెయ్యి ఎత్తింది, కొట్టలేదు.

“దాచేసినావా? ఇంటి సామానూ, ఇంటి సామానూ అని పొద్దుట్నుంచి గొంతు సించుకుంది ఇందుకా? ఎక్కడెట్టినావే?”

“నేను తీయలేదు.”

“అరె, ఇంకెవరు తీస్తారు?” అంది అప్పలకొండమ్మ. “మరి ఇంట్లో ఉన్నది మీ ముగ్గురేనాయె. మల్లేశు ఆ రోజు నుంచీ జెట్టీ షెడ్డులోనే పడుకుంటన్నాడు. ఇంటి గడప తొక్కలేదు పాపం.”

సీతాలుకు ఆ మాటలు వినిపించడం లేదు. ఆమె ఖాళీ చీలికనే చూస్తోంది. పిడులు ఇక్కడున్నాయి. గేమ్ లేదు. పిడులు చూసి గేమ్ ఉందనుకుంది తను. ఆ స్టాండు గేమ్ పలకను పూర్తిగా మింగేస్తుంది, పైన అంచు తప్ప ఏదీ కనిపించదు. ఆ పొద్దున్న వంగి చూడలేదు. తర్వాత దుప్పటి కప్పేశారు.

ఎర్ర పిడి చేతిలోకి తీసుకుంది. దాని మీద ఇంటి బొమ్మ గీసిన చిన్న గుండ్రటి మీట ఉంది. పోలిరాజు ఆ మీట గురించి ఒకసారి చెప్పాడు. వంట చేస్తున్న ఆమెను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి మరీ చూపించాడు. ‘ఇది నొక్కితే పిడి దాన్ని వెతుక్కుంటాది, సీతాలూ. దీపాలు పరిగెడతాయి చూడు. దొరికిందనుకో, ఒక్క దీపం నిలబడతాది. ఈ ఇంట్లో ఏ మూల దాచినా పట్టేస్తాది. వీధి దాటితే మాత్రం దానికి తెలవదు.’

“ఇంట్లో ఉంటే ఇదే చెప్తుంది, అత్తా,” అంది. “చూడు.”

నొక్కింది.

పిడి అంచున నాలుగు చిన్న పచ్చ దీపాలు వెలిగాయి. అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు పరిగెత్తాయి. నలుగురూ వంగి చూశారు. దీపాలు పరిగెత్తి పరిగెత్తి అలసిపోయి ఆరిపోయాయి.

సీతాలు మళ్లీ నొక్కింది. మళ్లీ అంతే.

“ఇంట్లో లేదు,” అంది.

ఆ మాట అన్నాక గానీ దాని అర్థం ఆమెలోకి దిగలేదు. ఇంట్లో లేదు. అంటే తీసుకెళ్లాడు. ఎందుకో పిడులు వదిలేశాడు గానీ, గేమ్ మాత్రం రోజూలాగే రబ్బరు సంచిలో పెట్టుకుని, ముడి వేసుకుని పడవెక్కాడు. సాయంత్రానికి తిరిగొచ్చి స్టాండులో పెట్టాలనుకున్నాడు.

చచ్చిపోవాలని వెళ్లలేదు.

సీతాలు గంప అంచు పట్టుకుని నేల మీద కూలబడింది. ఇన్ని రోజులుగా ఛాతీ మీద ఉన్న బండ లేచింది. లేచిన బండ కింద ఏముందో అప్పుడు కనిపించింది. వెళ్లాలని లేదు అతనికి, అయినా వెళ్లిపోయాడు. నీళ్లు ముక్కులోకి వెళ్తున్నప్పుడు అతను ఇంటికి రావాలనే అనుకుని ఉంటాడు. ఇందులో ఏది నయం? బండే నయమేమో.

“అత్తా,” అంది. “అది చేతి సామానే. నువ్వు చెప్పిందే నిజం. రోజూ తీసుకెళ్లేవాడు. ఆ రోజూ తీసుకెళ్లాడు.”

“మరి ఇంతసేపూ...”

“వదిలేసి వెళ్లాడనుకున్నాను. కావాలనే వదిలేసి...” మాట పూర్తి చేయలేకపోయింది. “అది నీకు తెలవకూడదని.”

కామమ్మ అలాగే నిలబడి ఉంది. ఎత్తిన చెయ్యి ఎప్పుడు దిగిందో ఆమెకే తెలియదు. కాసేపటికి వచ్చి కోడలి పక్కన కూర్చుంది. కోడలి పెదవి మీది రక్తాన్ని కొంగుతో తుడిచింది.

“అలా అనుకుని ఇన్నాళ్లూ మెతుకు ఎలా మింగినావే,” అంది చివరికి.

“మింగలేదు.”

అప్పలకొండమ్మ ముఖం తిప్పుకుంది. గవరయ్య తలపాగా విప్పి మళ్లీ చుట్టుకున్నాడు.

“అయితే తగువు తీరిపోనాది,” అన్నాడు అతను. “వస్తువు ఆడితోనే పోయింది. మనం ఏయక్కర్లేదు, గంగమ్మే తీసీసుకుంది. మిగిలిన ఆ రెండు పిడులూ గంపలో ఎట్టీయండి. మల్లేశు వస్తే బయల్దేరిపోదాం. తమ్ముడే కదా ఇడవాల.”

సీతాలు నీలం పిడి గంపలో పెట్టింది. అది ఆమెది. ఎప్పుడూ ఆమె చేతిలో ఉండేది. ఎరుపు అతనిది. దాన్ని పెట్టబోయి ఆగింది.

పిడి కింద రబ్బరు సంచి ఉంది. దాని మూతికి తాడు. తాడు కొస నున్నగా, ఒకే కోతకు తెగి ఉంది.

గేమ్ సంచిలో పెట్టుకుని ముడి వేసుకున్నాడు. సంచి పడవలో దొరికింది. సంచిలో గేమ్ లేదు. సముద్రం ముడి విప్పదు. సముద్రం తాడు కోయదు.

‘రేపు తేల్చేస్తాలే.’ ఎవరితో తేల్చేస్తానన్నాడు?

బయట గేటు చప్పుడైంది. కొబ్బరి పీచు మీద చెప్పులు తుడుచుకుంటున్న చప్పుడు.

సీతాలు బొటనవేలు ఇంటి బొమ్మ మీట మీద ఉంది. తెలిసి నొక్కిందో, ఆఖరుసారి పిలిచినట్టు నొక్కిందో ఆమెకే తెలియదు.

దీపాలు వెలిగాయి. అటు పరిగెత్తాయి. ఇటు పరిగెత్తాయి.

ఆగిపోయాయి. ఆరిపోలేదు. ఒక్క దీపం పచ్చగా నిలబడింది.

ఆమె గుప్పిట మూసింది.

“చలో, బోట్ రెడీ,” అన్నాడు మల్లేశు గుమ్మంలోంచి. గడ్డం పెరిగి ఉంది. కళ్లు లోపలికి పోయి ఉన్నాయి. ఆ రోజు ఇంజను సామాను కోసం ఊళ్లో మిడిల్ పాయింట్‌లో ఉండిపోయాననీ, లేకపోతే అన్నతో తానూ వెళ్లేవాడిననీ చెప్పి చెప్పి ఏడ్చినవాడు. ఇప్పుడు భుజానికి ఖాకీ సంచి వేలాడుతోంది. “అమ్మా, ఏడవకు. టైడ్ దిగిపోతాది. గంప నేనెత్తుకుంటా. అవునూ, ఆ గేమ్ గురించి ఏటి ఫైసలా అయింది? ఇంటి సామానేనా?”

ఎవరూ ఆ ప్రశ్నలో తప్పు చూడలేదు. పొద్దుటి నుంచీ పేటంతా అడుగుతున్న ప్రశ్నే.

సీతాలు తలెత్తి మరిది ముఖంలోకి చూసింది. గుప్పిట్లో దీపం వెచ్చగా ఉందో, తన చెయ్యే కాలుతోందో తెలియడం లేదు. అరవాలి. అరిస్తే ఈ గదిలో ఇద్దరు ముసలివాళ్లున్నారు. ఒక కొడుకు ఇప్పుడే రెండోసారి పోయాడు వాళ్లకి. ఉన్న కొడుకు గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

మల్లేశు వంగి గంప అంచు పట్టుకున్నాడు. భుజం మీది ఖాకీ సంచి ముందుకు జారింది. అతను మోచేత్తో దాన్ని ఒంటికి అదుముకున్నాడు.

గంప నేల వదల్లేదు. రెండో అంచు సీతాలు పట్టుకుని ఉంది.

“ఒదులు, వదినా.”

“చేతి సామానని తేలింది, మల్లేశూ,” అంది సీతాలు. ఆమె గొంతు ఆమెకే కొత్తగా వినిపించింది. “గంప ఇంకా నిండలేదు. అందులో ఒకటి తక్కువుంది.”

“ఏది?”

“నీ భుజం మీది సంచి దించి గంపలో పెట్టు.”

నూకన్న కళ్లు తెరిచాడు.

మల్లేశు చెయ్యి గంప అంచు వదిలి సంచి మూతి మీదికి వెళ్లింది. అక్కడే ఉండిపోయింది.